వదిన పొడుగు గ్లాసులు

ఈ మధ్యాహ్నం నాన్న వడ్డాది సంత నుంచి ఒక పుచ్చకాయ మోసుకొచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. "సాయంత్రం కె.కోటపాడు నుంచి మనోళ్ళు నలుగురొస్తన్నారమ్మా, సల్లగా ఏదైనా సెయ్యి" అని గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగి, "అదే, మీ వదిన సేసేది, రంగురంగులది" అన్నాడు. ఒకప్పుడు నాన్న 'ఏదైనా' అంటే బెల్లం పానకమే. వెనక్కి తిరిగి వివరం చెప్పాల్సిన పని ఉండేది కాదు. నేను స్టూలెక్కి అటక మీద చెయ్యి పెట్టాను. అట్టపెట్టెలో, పాత పేపర్లలో చుట్టి నిలబెట్టిన వదిన పొడుగు గ్లాసులు తగిలాయి. ఒకదాని పేపరు విప్పేసరికి, ఇన్నాళ్ళూ లోపలెక్కడో పడుకున్న కుళ్ళు కళ్ళు నులుముకుంటూ లేచి కూర్చుంది.

మా ఇంటికి వచ్చేవాళ్ళకి నా గురించి తెలిసింది ఒక్క ట్రే మాత్రమే. చిన్నప్పటి నుంచీ నాకు మనుషుల ముందు మాట రాదు. ఎవరైనా "ఏటి చదువుతున్నావమ్మా?" అని అడిగితే, జవాబు లోపల కుదురుకునేసరికి వాళ్ళు చెరుకు రేటు గురించి మాట్లాడుకుంటూ ఉండేవారు. పుస్తకాల్లో మనుషులు పేజీలకి పేజీలు మాట్లాడుకుంటుంటే అన్నం మానేసి చదివేదాన్ని. మా వసారాలో రెండు ముక్కలు మాట్లాడాలంటే మాత్రం నాలుక పిడచకట్టుకుపోయేది. "ఈ గుంటకి నోట్లో నాలుక బదులు అచ్చు బెల్లం పెట్టేసేడు దేవుడు, తియ్యగా ఉంటాది గానీ కదలదు" అని అమ్మ అందరితోనూ చెప్పేది. ఎండన పడి వచ్చినవాళ్ళకి ముందు బెల్లం ముక్క, చెంబుతో నీళ్ళు, కాస్త చెమటారాక పానకం ఇవ్వడం మా ఇంటి పద్ధతి. నేను పదో తరగతిలో ఉండగా ఆ పని నా చేతికొచ్చింది. కొత్త బెల్లం కుండ నీళ్ళలో కరిగించి, పల్చటి గుడ్డలో వడకట్టి, పచ్చి అల్లం దంచి పిండి, మిరియాలు, యాలకులు వేసి, ఇచ్చే ముందు మాత్రమే నిమ్మకాయ పిండేదాన్ని. ట్రే వసారాలో పెట్టి వచ్చేసి తలుపు వెనక నిలబడేదాన్ని. సగం గ్లాసయ్యాక ఎవరో ఒకరు "ఎవరు సేసేరిది?" అనేవారు. "మా గుంటే" అనేవాడు నాన్న. ఆ ఒక్క మాట వినడానికే అక్కడ నిలబడేదాన్ని. అది విన్నంతసేపూ నేనూ ఆ కుర్చీల మధ్య ఎక్కడో కూర్చున్నట్టే ఉండేది. అది లేకపోతే ఆ ఇంట్లో నేనొకదాన్ని ఉన్నానని వచ్చినవాళ్ళకి తెలిసే దారి లేదు.

అన్నయ్య పెళ్ళయి వదిన వచ్చింది. వాళ్ళదీ మా వైపే, దేవరాపల్లి దగ్గర ఊరు, కానీ వాళ్ళ నాన్నగారి ఫ్యాక్టరీ ఉద్యోగం వల్ల వదిన పుట్టిందీ పెరిగిందీ విశాఖపట్నంలో. వారం తిరక్కుండానే పాలాయన కూతురు ఏ క్లాసో, పక్కింటావిడకి మోకాలినొప్పి ఏ కాలికో ఆమెకి తెలిసిపోయింది. ఇరవయ్యేళ్ళుగా పక్కింటావిడ కుంటుతూ నడవడం చూస్తున్న నాకు అది కుడికాలని అప్పుడే తెలిసింది. వదిన సామాన్లలో ఆరు పొడుగు గ్లాసులున్నాయి. ఒక ఆదివారం పుచ్చకాయ ముక్కలు, అనాస ముక్కలు, పుదీనా ఆకులు గ్లాసు అడుగున వేసి, చెంచా కాడతో నలిపి, నిమ్మరసం, పంచదార పాకం, ఐసు వేసి, పైన సోడా పోసింది. అంచుకి ఒక అనాస ముక్క తగిలించి, దానికి కాగితం గొడుగు గుచ్చింది. "మాక్‌టెయిల్" అంది.

"గొడుగేటే? గ్లాసులో వానొస్తాదా?" అంది మా నాన్నమ్మ.

"వస్తే తడవకుండా, నాన్నమ్మగారూ" అంది వదిన, ఏమాత్రం తడుముకోకుండా. నాన్నమ్మ పడీ పడీ నవ్వింది. తాగడం అయ్యాక ఆ గొడుగు కడిగి, ఆరబెట్టి, దేవుడి గూట్లో వినాయకుడి పటానికి పైన గుచ్చింది. నాన్న తన గ్లాసు ఖాళీ చేసి, మీసాలకి అంటుకున్న పుదీనా ఆకు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, "ఇంకో గ్లాసుందా అమ్మా?" అన్నాడు. నా పానకం నాన్న రెండో గ్లాసు ఎప్పుడూ అడగలేదు. ఆ రాత్రి డైరీ తెరిచి చాలా రాద్దామనుకున్నాను. చివరికి 'వదిన గ్లాసులు మరీ పొడుగు' అని మాత్రం రాసి మూసేశాను.

తరవాత ట్రే ఎప్పుడు నా చేతిలోంచి జారిపోయిందో చెప్పలేను, ఎవరూ లాక్కోలేదు. "నువ్వు చదువుకో, నేనిచ్చేస్తాలే" అనేది వదిన, నా మీద ప్రేమతోనే. వసారాలో పెట్టి వచ్చేసేది కాదు, అక్కడే గోడకానుకుని నిలబడి కబుర్లు చెప్పేది. చెరుకు గురించి ఏమీ తెలియకపోయినా చెరుకు రైతుల్ని నవ్వించేది. "ఎవరు సేసేరిది?" అని అడిగేవాళ్ళు. "మా కోడలే" అనేవాడు నాన్న. లోపల మంచం మీద పుస్తకం పట్టుకుని కూర్చున్న నాకు అది స్పష్టంగా వినిపించేది. అలాంటప్పుడు ఒకే పేజీ మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని. ఆమె తప్పేమైనా దొరుకుతుందేమోనని చూసేదాన్ని కూడా. సోడా ఎక్కువైందనీ, గింజలు సరిగా తీయలేదనీ మనసులో వంకలు పెట్టుకుని, తీరా తాగితే బాగుండేది. అది మరీ మండేది.

శివరాత్రి వెళ్ళాక వదిన అమ్మానాన్నలు మొదటిసారి మా ఇంటికి భోజనానికి వస్తున్నామని కబురు చేశారు. రెండు రోజుల ముందు నుంచీ వదిన కాలు నిలవలేదు. వాళ్ళొచ్చే రోజు ఉదయం నేను పుదీనా వలుస్తుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని, గొంతు తగ్గించి, "మా అమ్మ సంగతి నీకు తెలీదు. నేనేం చేసినా వంకే. 'నీ చేతిలో ఏ పనీ తిన్నగా తెమలదు' అంటుంది చిన్నప్పట్నుంచీ. ఈ ఒక్కసారి, ఒక్క గ్లాసు, బాగుంది అంటే చాలు నాకు" అంది. వదినకి కూడా ఎవరిచేతో ఒక మాట అనిపించుకోవాలని ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఇంకాస్త పుదీనా వలిచాను.

ఆ ఏర్పాట్లలోకి నాన్న దూరాడు. "మన సెరుకుండగా పంచదార పాకమేటమ్మా? ఇయ్యాల మన గానుగ ఆడతంది" అని అప్పటికప్పుడే పొలానికి వెళ్ళి, పెద్ద క్యానునిండా చెరుకు రసం పట్టుకొచ్చాడు. వియ్యాలవారికి తన పొలం రుచి చూపించాలని ఆయన సరదా. మా ఇంట్లో చెరుకు రసమంటే గానుగ దగ్గర నిలబడి తాగేదే. మిగిలింది వెంటనే పొయ్యి మీది పెద్ద పెనంలో పడి బెల్లమవుతుంది. దాన్ని ఇంట్లో దాచిన అనుభవం ఎవరికీ లేదు. "పుల్లబడిపోదూ?" అంది అమ్మ. "ఫ్రిజ్జులో పెడితే ఏటవుద్ది?" అన్నాడు నాన్న, ఫ్రిజ్జు తనే కనిపెట్టినంత ధీమాగా. వదిన చోటు చేసి క్యాను లోపల పెట్టింది. కాసేపటికే కరెంటు పోయింది. లైను పని, మధ్యాహ్నం దాకా రాదన్నారు.

వియ్యాలవారి కారు బయల్దేరిందని ఫోనొచ్చాక వదిన క్యాను మూత తీసింది. లేతాకుపచ్చగా ఉండాల్సిన రసం నల్లగా, పైన నురగతో, పులిసిన వాసన కొడుతోంది. ఫ్రిజ్జులో ఐసు కరిగి నీళ్ళయింది. ఇంట్లో పంచదార టీకి సరిపడా మాత్రం ఉంది.

"సెరుకు పండించేవోడివి, ఆ మాత్రం తెలీదా?" అని అమ్మ నాన్న మీద పడింది.

"నేను పండించడం వరకే" అన్నాడు నాన్న.

వదిన గట్టు మీద వరసగా నిలబెట్టిన గ్లాసుల్ని చూస్తూ, "మా అమ్మ మాటే నిజమైంది" అంది మెల్లగా. ఆపైన నా వైపు తిరిగి, "ఏం చేద్దాం? నువ్వు చెప్పవా?" అంది. వంటింట్లో అందరూ నన్నే చూశారు. ఎలా వచ్చాయో మాటలు వచ్చాయి. "నాన్నా, సోడాలు తీసుకురా, కొట్లో ఐసుపెట్టెలో ఉన్నవి. అమ్మా, కొత్త బెల్లం తియ్యి. వదినా, నువ్వు అల్లం దంచు, నీళ్ళు కుండలోవే." నేనంత పొడుగు మాటలు ఆ వంటింట్లో అంతకు ముందు మాట్లాడలేదు. నాన్న కిక్కురుమనకుండా బండి తీశాడు. బెల్లం చిక్కగా కరిగించి వడకట్టాను, మిరియాలు వేశాను, అల్లం పిండాను. వదిన పళ్ళూ పుదీనా నలిపిన గ్లాసుల్లో ఆ పాకం పోసి, నిమ్మకాయ పిండి, పైన చల్లటి సోడా పోశాం. అడుగున తేనె రంగు, పైకి వెళ్ళేకొద్దీ పుచ్చకాయ ఎరుపు. బుడగలతో పాటు పుదీనా ఆకులు పైకీ కిందికీ తిరుగుతున్నాయి. చాలా బాగుందని నాకే తెలిసిపోయింది.

ట్రే వదినే తీసుకెళ్ళింది. నేను తలుపు వెనక నా పాత చోట్లో నిలబడ్డాను. వదిన వాళ్ళమ్మగారు ఒక గుక్క తాగి, ఆగి, ఇంకో గుక్క తాగి, "ఇది నువ్వే చేశావా?" అన్నారు కూతురితో. ఊ అంటే అయిపోతుంది. వదిన చిన్నప్పటి నుంచీ ఎదురుచూసిన మాట ఆ తలూపుకి అవతల ఉంది. ఆమె ఊ అంటుందనే నేననుకున్నాను. అంటే మరీ కుళ్ళుకోవడానికి సిద్ధంగా కూడా ఉన్నాను.

"లేదమ్మా, మా మరదలు చేసింది. నేను పళ్ళు కోశానంతే" అంది వదిన.

"అదీ, అనుకున్నాను. నీ చేతికి ఇంత ఒబ్బిడెక్కడిది?" అన్నారు ఆవిడ. వదిన నవ్వేసింది. లోపలికొచ్చి, నా చెయ్యి పట్టుకుని వసారాలోకి లాగింది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి, సోడా సీసాల వల్లేనని అప్పుడనుకున్నాను. "ఏం పేరమ్మా దీనికి?" అని అడిగారు ఆవిడ. "ఇంకా పేరు పెట్టలేదండీ" అన్నాను. అందరూ నవ్వారు. నాన్న "మా గుంటే" అన్నాడు, ఎవరూ అడక్కుండానే. నాకు కావలసిందంతా దొరికిన రోజది. అయినా ఆ సాయంత్రమంతా వదినని చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను. లేదమ్మా అని అంత తేలిగ్గా అనగలగడం ఆమెకెలా వచ్చింది? నేనైతే తలూపేసేదాన్ని. గ్లాసులు కొనుక్కోవచ్చు, ఆమెలాగే సోడా పోయడం నేర్చుకోవచ్చు. అదెక్కడ దొరుకుతుంది?

అన్నయ్య ఉద్యోగం మారి వాళ్ళు విశాఖపట్నం వెళ్ళిపోయేటప్పుడు వదిన గ్లాసులు నాకు వదిలేసింది. ట్రే మళ్ళీ నాకొచ్చింది. మొన్న ఫోన్ చేసి, "మా అపార్ట్‌మెంట్‌లో నీ పానకం చేశాను, నీ రుచి రాలేదు. అల్లం ఎంతేస్తావో చెప్పు. నిన్ను చూస్తే కుళ్ళొస్తోందే" అంది, గట్టిగా నవ్వుతూ. ఆ మాట కూడా ఎంత హాయిగా అనేసిందో.

ఈ సాయంత్రం కె.కోటపాడు వాళ్ళు సగం గ్లాసయ్యాక, "ఎవరు సేసేరిది?" అన్నారు. "మా కోడలు పద్ధతి, మా గుంట సెయ్యి" అన్నాడు నాన్న. అందులో మొదటి సగానికి తలుపు వెనక నా మనసు కాస్త చురుక్కుమంది. తిరిగి చూస్తే దేవుడి గూట్లో, నాన్నమ్మ గుచ్చిన కాగితం గొడుగు ఇంకా వినాయకుడి మీద నిలబడే ఉంది. ఇన్ని వేసవుల దీపపు పొగకి దాని ఎరుపేదో పసుపేదో ఇప్పుడు తెలియడం లేదు. కాలం దాన్ని అక్కణ్ణుంచి తీసెయ్యలేదు, నా కుళ్ళునీ తీసెయ్యలేదు. రెండింటినీ ఒకేలా వెలిసిపోనిచ్చి, ఇంట్లో సామానులా ఉంచేసింది.