బుల్లబ్బాయి జనరేటరు, నాలుగో బోల్టు

రొయ్యల చెరువులు ఎత్తేసినవాళ్లు మామూలుగా ఇంటికి తెచ్చుకునేవి రెండు: బీపీ, వైరస్ మీద కథలు. బుల్లబ్బాయి వాటితోపాటు జనరేటరు కూడా తెచ్చుకున్నాడు.

పదిహేను కేవీఏ, త్రీ ఫేజు. చెరువులో ఏరియేటర్లు తిప్పి రొయ్యలకు గాలి అందించిన ఇంజను. రొయ్యలు చచ్చి తేలిపోయాక ఏరియేటర్లు, వలలు, కాపలా పాక రేకులు అన్నీ వదిలించుకున్నాడు గానీ, దీన్ని మాత్రం ట్రాక్టరు మీద ఎక్కించి పెరట్లో దించాడు. సరిగ్గా భార్య అచ్చాయమ్మ చేపలు ఎండబెట్టుకునే చోట.

"మన ఇంటికి సింగిల్ ఫేజు మీటరు. ఈ ఏనుగుతో ఏం చేస్తావయ్యా?" అంది అచ్చాయమ్మ.

"ఉంటే ఎప్పుడో పనికొస్తాదే."

"నా చేపలకి ఎండ రాకుండా అడ్డం పడ్డానికి ఇప్పుడే పనికొస్తంది కదా!"

బుల్లబ్బాయి రోజూ పొద్దున్నే పాత పంచె ముక్కతో దాన్ని తుడిచేవాడు. దాని పక్కన నిలబడితే తను ఇంకా రైతునే అనిపించేది. ఊళ్లోవాళ్లు దీన్ని మమకారం అన్నారు. చేపలమ్మి ఇల్లు నడిపే అచ్చాయమ్మ మొండితనం అంది. తాళ్లరేవులో కొనేవాడిని కూడా చూసి పెట్టింది. ఎప్పుడు రమ్మనాలన్నదే మిగిలింది.

ఇంతలో తుఫాను వచ్చింది. స్తంభాలు పడిపోయాయి. కరెంటు ఇప్పట్లో రాదన్నారు. అచ్చాయమ్మ ఫ్రీజరు నిండా పండుగప్ప చేపలు, రొయ్యలు. బుల్లబ్బాయి ముఖం మాత్రం పెళ్లికొడుకులా వెలిగిపోయింది. తన ఇంజనుకు పని దొరికింది. ఈ ఒక్కసారి ఫ్రీజరు నడిచిందంటే ఇక దాన్ని అమ్మమనే నోరు ఉండదు.

ఇంటికి రెండు తీగలు కావాలి. జనరేటరుకు నాలుగు బోల్టులున్నాయి. చెరువు దగ్గర ఏరియేటర్లకు మూడు తీగలే వెళ్లేవి. నాలుగో బోల్టును బుల్లబ్బాయి ఏనాడూ ముట్టుకున్న పాపాన పోలేదు. కంపెనీవాడు అదనంగా పెట్టి ఉంటాడనుకున్నాడు. అందుకే, అలవాటైన మూడింట్లోంచి రెండు ఎంచి ఇంటికి బిగించాడు.

ఫ్యాను హెలికాప్టరులా తిరిగింది. ట్యూబులైటు ఒక్కసారి మెరిసి నల్లబడింది. టీవీ వెనకనుంచి పొగ లేచింది. ఫ్రీజరు మాత్రం బతికింది. దాని ప్లగ్గు అచ్చాయమ్మ ముందే పీకేసి చేతిలో పట్టుకుని నిలబడింది.

"నీ ప్రయోగం ముందు టీవీ మీద అయితే, తర్వాత నా చేపల సంగతి చూద్దామనుకున్నాను," అని తాళ్లరేవు ఆయనకి ఫోను కలిపింది. "ఆదివారం వ్యాను తీసుకొచ్చెయ్యండి. పట్టుకుపోదురు గాని."

ద్రాక్షారామం నుంచి ఎలక్ట్రీషియన్ యుగంధర్ వచ్చి, చూసి, నవ్వు ఆపుకోలేకపోయాడు. "రెండు ఫేజులు కలిపి ఇచ్చారా బాబాయ్? ఇంటికి రెండొందల ముప్ఫై వోల్టులు చాలు. మీరు నాలుగొందలు పంపించారు! ఒక ఫేజు, ఈ నాలుగోది న్యూట్రలు. ఇవీ ఇంటికి కావలసినవి."

నాలుగో బోల్టు తుప్పు గీకి బిగించాడు. ఎర్తు చూశాడు. మీటరు దగ్గర చేంజోవర్ స్విచ్చు పెట్టాడు. అది లేకపోతే మన కరెంటు లైనులోకి ఎదురెళ్లి, స్తంభం ఎక్కిన లైన్‌మేన్ ప్రాణం తీస్తుందన్నాడు. ఫ్రీజరు గుర్రుమంది. ఇంజను మాత్రం పొగ కక్కుతూ ఇష్టం లేనట్టు తిరిగింది.

"మూడు ఫేజుల ఇంజనుకి ఒక్క ఇల్లు ఏం చాల్తాదండీ? బరువంతా ఒక పక్కే పడుతోంది. పైగా ఇలా ఖాళీగా తిరిగితే పాడైపోద్ది. మిగతా రెండూ పక్కిళ్లకి ఇచ్చెయ్యండి," అన్నాడు యుగంధర్.

తూర్పున రాజరత్నం మాస్టారు. లూథరన్ చర్చి పెద్ద. "ప్రార్థన చేశానండీ బుల్లబ్బాయి గారూ, జవాబు వచ్చింది," అన్నారు సంతోషంగా.

"జవాబులో డీజిలు పొయ్యాలండి మాస్టారూ."

మాస్టారు క్యాను పంపారు.

పడమట తాతాజీ. బుల్లబ్బాయి సొంత తమ్ముడు. ఇద్దరి చెరువులూ పక్కపక్కనే ఉండేవి. వైరస్ నీ నీళ్లలోంచి వచ్చిందంటే నీ నీళ్లలోంచి వచ్చిందని తగువు పడ్డాక మాటల్లేవు.

"వాడికా? ఇంజను పాడైనా సరే ఇవ్వను."

"ఆదివారం దాకా అది బాగుండాలి," అని అచ్చాయమ్మే తీగ చుట్ట గోడమీంచి అవతలికి విసిరింది.

"న్యూట్రలు ముగ్గురికీ ఒకటే. ఈ బోల్టు ఊడిందంటే ఎవరింట్లో ఏది కాలుద్దో చెప్పలేం," అని యుగంధర్ ఆ ఇళ్లకీ తీగలు, స్విచ్చులు బిగించి వెళ్తూ వెళ్తూ చెప్పిన మాట తాతాజీ చెవిన పడింది. అన్న మీద అతనికి ఏపాటి నమ్మకమో వేరే చెప్పాలా? రోజూ పొద్దున్నే స్పానరు పట్టుకుని గోడ దూకి వచ్చేవాడు.

"వదినా, మీ ఆయనకి చెప్పు, నట్టు కింద వాషరు వెయ్యమని."

"అచ్చాయమ్మా, వేశానని చెప్పు వాడికి. కళ్లు పెట్టుకుని చూడమను."

"నేనేమన్నా మైకునా? మీరే అరుచుకోండి," అని ఆమె చేపల తట్ట ఎత్తుకుని వెళ్లిపోయేది.

ఆదివారానికి కూడా కరెంటు రాలేదు. వ్యాను మాత్రం వచ్చింది. బుల్లబ్బాయి ఇంజను ఆపి, పంచె ముక్కతో చివరిసారి తుడిచి, పక్కకు జరిగాడు. టీవీ కాల్చినవాడికి అడ్డం చెప్పే హక్కేది? కొనేవాడు తాళ్లు విప్పుతున్నాడు.

అంతలో గోడమీంచి దభీమని తాతాజీ దూకాడు. నోట్లో ఇంకా బ్రష్షుంది. దాన్ని చేతిలోకి తీసుకుని, "ఏంటన్నయ్యా, నా ఫేజు కూడా అమ్మేస్తావా?" అన్నాడు.

చెరువుల తగువయ్యాక అతను అన్నతో నేరుగా ఆడిన మొదటి మాట అది. బుల్లబ్బాయి అచ్చాయమ్మ వైపు చూశాడు.

అచ్చాయమ్మ ఆగిపోయిన ఫ్రీజరు వైపు చూసింది. ఇంజను నీడ పడిన తన చేపల జాగా వైపు చూసింది. "టీ తాగి వెళ్లండి బాబూ, ఇప్పుడు అమ్మట్లేదు," అంది కొనేవాడితో. తర్వాత మరిదివైపు తిరిగింది. "అంత కావాలంటే దీన్ని నీ పెరట్లో పెట్టుకో తాతాజీ. నాకు ఎండ కావాలి."

ఆ వ్యాను మీదే ఇంజను గోడ అవతలికి చేరింది.

ఇప్పుడు బుల్లబ్బాయి రోజూ పొద్దున్నే పంచె ముక్క పట్టుకుని తమ్ముడింటికి వెళ్తాడు. కలిసిపోయారని కాదు. వైరస్ ఎవరి చెరువులోంచి వచ్చిందో ఇంకా తేలలేదు. ఇంజను తుడుస్తూ ఒకరు, నాలుగో బోల్టు బిగిస్తూ ఒకరు దాని మీదే వాదించుకుంటున్నారు. గోడ ఇవతల అచ్చాయమ్మ చేపలు మాత్రం బాగా ఎండుతున్నాయి.