వెనక నుంచి నెలలు

బంతి తలకు తగిలినప్పటి నుంచి డ్రిల్ టీచరు కూతురు పది రోజులుగా బెంచీ మీదే ఉంది. గోల్ ముందు ఇప్పుడు తోడికోడలి కూతురు నిలబడుతోంది. ఆ పిల్ల బంతి ఆపినప్పుడల్లా తోడికోడలు కొట్టే చప్పట్లకు టీచరు కడుపు రగిలిపోయేది.

"నెలలు వెనక నుంచి చెప్పు," అంది టీచరు, తల దెబ్బ తగ్గిందో లేదో చూసే ఆ పరీక్ష నెగ్గితే ఆడొచ్చని సంతకం పెట్టడానికి పెన్ను తీసి.

కూతురు గడగడా అప్పజెప్పింది. "రేపు ఆడతానమ్మా! పిన్ని నోరు మూయిస్తా."

ఆ మాట టీచరుకు తియ్యగా తగిలింది. కానీ రోజూ అదే ప్రశ్న అడిగి కంఠతా పట్టించింది తనే.

"సరే, వారాలు చెప్పు."

"శనివారం, శుక్రవారం... బుధవారం..." గురువారం ఎగిరిపోయింది. పిల్ల కణత నొక్కుకుంది.

టీచరు పెన్ను మూసేసింది. మర్నాడు మ్యాచ్‌కు తోడికోడలి కూతురికి తనే గ్లవ్స్ తొడిగింది, పళ్లు కొరుక్కుంటూనే.