ఏసోబు తప్పిన ఒక్క వాయిదా

వకీలు గుమాస్తాగా కోర్టు వరండాలో నాకు ఇరవై రెండేళ్లు గడిచాయి. ఇన్నేళ్లలో చూస్తే రోత పుట్టని మనిషి ఒక్కడే కనపడ్డాడు, తాటిపర్తి ఏసోబు. మున్సిపల్ హైస్కూల్లో అటెండరు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అక్కడ గంట కొట్టేది అతనే.

కేసు చెక్కు బౌన్సుది. తోటి వాచ్‌మన్ మస్తాను ఫైనాన్సులో అప్పు తీసుకుంటూ, "అన్నా, ఊరికే ఒక సంతకం" అన్నాడు. ఏసోబు జామీను ఉన్నాడు. ఫైనాన్సువాళ్లు అడిగితే అంకె వెయ్యని చెక్కు మీద కూడా సంతకం పెట్టిచ్చాడు. మా ఊళ్లో అందరూ చేసే పనే అది. మస్తాను ఊరొదిలి పోయాడు. వాళ్లు తమకు నచ్చిన అంకె రాసుకుని చెక్కు బ్యాంకులో వేశారు. అది తిరిగొచ్చింది, ఏసోబు ముద్దాయి అయ్యాడు.

నాలుగేళ్లు ఒక్క వాయిదా తప్పలేదు. సెలవు చీటీ రాసిచ్చి, పదింటికల్లా ఇస్త్రీ చొక్కాతో వచ్చి స్తంభం పక్కన నిలబడేవాడు. మా వకీలు పరాంకుశంగారు అతని ముఖం చూసింది రెండుసార్లో మూడుసార్లో. ఫీజు మాత్రం ప్రతిసారీ చూశారు.

ఆ రోజు మా జడ్జిగారు సెలవు. అలాంటప్పుడు పక్క కోర్టు జడ్జిగారు ఫైళ్లు పిలిచి ఊరికే తేదీలు వేస్తారు. ముద్దాయిల్ని ఇంటికి పంపేసి, పేరు పిలిస్తే "ఇప్పుడే బయటికెళ్లాడండి" అనడం మా గుమాస్తాల రివాజు.

"ఇంక ఇంటికి పో ఏసోబూ," అన్నాను.

"పక్క కోర్టులో పిలుస్తారేమోనండి. ఉంటాన్లెండి."

"పిలిస్తే నేను చచ్చానా? పోవయ్యా, నసపెట్టకుండా!"

అతను వెళ్లాడు. నేను క్యాంటీన్లో పునుగులు తింటూ కూర్చున్నాను. అతని పేరు మూడుసార్లు పిలిచారట. పలికినవాడు లేడు. నాన్‌బెయిలబుల్ వారంటు ఇచ్చేశారు. మర్నాడే వారంటు రద్దు చెయ్యమని రీకాల్ పిటిషను వేస్తే తీరిపోయేది. పరాంకుశంగారు తిడతారన్న భయంతో వారంపాటు ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు నేను.

ఫైనాన్సు వకీలు మాత్రం ఊరుకోలేదు. ఏసోబు రిటైర్మెంటుకి ఇంకా పద్దెనిమిది రోజులే ఉందని వాడికి తెలుసు. ప్రభుత్వ ఉద్యోగి నలభై ఎనిమిది గంటలు దాటి లోపల ఉంటే సస్పెన్షను దానంతటదే వస్తుందనీ తెలుసు. వారంటు చేతిలో పెట్టుకుని, రెండో శనివారం, ఆదివారం కోర్టుకి సెలవని చూసుకుని, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి కానిస్టేబుల్‌ని స్కూలుకి తోలాడు. చట్టం చదివినవాడికి వచ్చే ఆలోచనలు ఇవి!

"లాంగ్‌బెల్ కొట్టేసి వస్తానండి, పిల్లలు ఎదురుచూస్తంటారు," అన్నాట్ట ఏసోబు. కొట్టే వెళ్లాడు.

శనివారం పొద్దున మేజిస్ట్రేటుగారి ఇంటికి తీసుకొచ్చారు. జరిగిందంతా పరాంకుశంగారికి ముందురోజు రాత్రే చెప్పేశాను. ఆయన గేటు దగ్గరే నా చెవిలో అన్నారు: "నోరు మూసుకుని నా వెనకాల నిలబడు. మన గుమాస్తా పొమ్మన్నాడని తెలిస్తే రేపట్నించి మన గడప ఎవడు తొక్కుతాడ్రా?"

ఏసోబు భార్య కరుణమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మీరే పొమ్మన్నారంటగా బాబూ. ఆ ఒక్క ముక్క అయ్యగారికి చెప్పండి, వదిలేత్తారు. పద్దెనిమిది రోజులే బాబూ ఉంది."

నేను చెయ్యి లాక్కున్నాను.

మేజిస్ట్రేటుగారు చెడ్డవారు కాదు. ఫైలు తిరగేసి ఆశ్చర్యపోయారు. "నాలుగేళ్లలో ఒక్కసారీ తప్పలేదే. ఆ రోజేమైంది? ఎవరన్నా వెళ్లిపొమ్మన్నారా?"

ఏసోబు నా వైపు చూశాడు. నేను కుండీలో క్రోటన్ మొక్క వైపు చూశాను. చాలాసేపు చూశాను.

"ఎవరూ అన్లేదండి. నేనే మర్సిపోయానండి."

"మర్చిపోతే ఎట్లాగయ్యా? కోర్టంటే ఆటలా? సోమవారం జామీనుదార్లను తీసుకొచ్చి పిటిషను పెట్టుకోండి." ఆయన రిమాండు కాగితం మీద సంతకం చేసి లోపలికి వెళ్లిపోయారు.

జీపు దగ్గర ఉండబట్టలేక అడిగాను. "ఎందుకలా చెప్పావు ఏసోబూ?"

"మీరు చెప్తారేమోనని సూశానండి. మీరు చెప్పలేదు. మీకేం ఇబ్బందో ఏమోనని ఊరుకున్నానండి." కోపం లేదు ఆ గొంతులో. తిట్టినా బాగుండేది.

సోమవారం పన్నెండున్నరకి బయటికొచ్చాడు. అరవై ఎనిమిది గంటలు. సస్పెన్షను కాగితం ఆ సాయంత్రమే ఇంటికొచ్చింది. సస్పెన్షన్లోనే రిటైరయ్యాడు. రావలసిన గ్రాట్యుటీ కేసు తేలేదాకా ఆపేశారు. కేసు ఇంకా తేలలేదు.

ఆ సోమవారం ఆఫీసు మూసేవేళ పరాంకుశంగారు నన్ను పిలిచారు. "గట్టివాడివిరా, నోరు మెదపలేదు," అని భుజం తట్టి ఐదొందల నోటు ఇచ్చారు.

నేను తీసుకున్నాను.