మస్కట్ షర్బతు, మామగారి చెయ్యి

నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క ప్రశ్నతో, గడప దాటబోతున్న పెళ్లాన్ని మళ్లీ పుట్టింట్లోకి పంపించుకున్న మొగుణ్ని మీరెక్కడా చూసి ఉండరు. చూడాలనుంటే నన్ను చూడండి. ఇందులో నవ్వడం మీ వంతు. నా వంతు ఏడుపు నేను ఎప్పుడో ఏడ్చేశాను.

బస్తరు అప్పటికింకా సంస్థానం. జగదల్‌పూర్ బజార్లో మాకు బట్టల దుకాణం. అత్తవారిది కోంట. మామగారు నాగభూషణం అక్కడి సంతలో ఉప్పు ఇచ్చి ఇప్పపువ్వు, చింతపండు తీసుకునే వ్యాపారి. పెళ్లయిన ఏడాదే ఆషాఢమని పుట్టింటికి వెళ్లిన నా భార్య సుభద్ర శ్రావణంలోనూ రాలేదు. వాగులు పొంగాయన్నారు. వాగులు తగ్గాయి, జగదల్‌పూర్‌లో దసరా రథం కూడా తిరిగింది, సుభద్ర మాత్రం రాలేదు. చివరికి మామగారు అసలు సంగతి మనిషితో చెప్పి పంపారు.

"జగదల్‌పూర్ తాగుబోతుల ఊరు. అల్లుడు సారా ముట్టడని నాకు నమ్మకం కుదిరినంక పంపుత."

నేను జన్మలో సారా ముట్టలేదు. కానీ ముట్టని సంగతిని ఎవరికి ఎలా చూపిస్తాం చెప్పండి. ఇంట్లో సుభద్ర నాటిన మరువానికి నీళ్లు పోస్తూ, ఆ ఆకు నలిపి వాసన చూసుకుంటూ, బెంగతో సగమయ్యాను. దుకాణంలో చీర అడిగినవాళ్లకు దుప్పటి ఇచ్చేవాణ్ని.

అలాంటి రోజుల్లో, సర్వే పని ముగించుకుని స్వదేశానికి పోతున్న ఒక దొరకు కోట్లు కుట్టించి బంగళాకు పట్టుకెళ్లాను. దొర అరుగు మీద ఒక సీసా బిరడా తీసి, గ్లాసులో కాస్త పోసుకుని, తాగకుండా వాసన చూస్తూ కూర్చున్నాడు. పల్చటి తేనె రంగు. నేను నిలబడ్డ చోటికి కూడా వాసన వచ్చింది. గులాబీ, నారింజ తొక్క, పండిన ద్రాక్ష, వీటన్నిటి వెనకాల ఎక్కడో మా ఇంటి మరువం.

"ఏంది ఖాన్‌సామా అది?" అని వంటవాణ్ని అడిగాను.

"మస్కట్ అంటరు బాబూ. తెల్ల అంగూర్. దాని రస్" అన్నాడు వాడు. దొర ఏదో చెబితే దాన్ని కూడా తెలుగు చేశాడు. "సాబ్ ఇంటి వెనక ఈ తీగెలే ఉన్నయట. ఎండకు కాయ మీద మచ్చలు పడ్డంక కోస్తరట. వేరే అంగూర్ సీసాల పడితే తన వాసన మర్చిపోతదట. ఇది మర్చిపోదట. మేమ్‌సాబ్ ఆడ ఎదురుచూస్తున్నదని చెప్తున్నడు."

నాకు కూడా ఒక మేమ్‌సాబ్ ఉందనీ, ఆవిడ కోంటలో ఉందనీ ఖాన్‌సామా చేత చెప్పించాను. దొర నవ్వి, సీసాకు బిరడా బిగించి నా చేతిలో పెట్టాడు.

ఇక్కడ మీరు నన్ను తిట్టుకుంటున్నారని తెలుసు. కాని బస్తరులో పుట్టినవాడికి సారా అంటే ఇప్పపువ్వు సారా. దాని వాసన మనిషి కంటే ముందు వీధిలోకి వస్తుంది. ఆ వాసన లేనిది సారా ఎలా అవుతుంది? ఇది షర్బతు. అందులో నాకు అణుమాత్రం అనుమానం లేదు. సుభద్ర నోటికి తగలకుండా నేను తాగడమేమిటని ఒక్క చుక్క ముట్టలేదు. కోంట దాకా లారీలో మాత్రం బిరడా కాస్త వదులు చేసి, వాసన చూసి, మళ్లీ బిగించాను.

మామగారు అరుగు మీదే కూర్చోబెట్టి విచారణ చేశారు.

"తాగుడు గీగుడు?"

"బిల్కుల్ లేదు మామా. చాయ్ కూడ ఒక్కపూటనే."

"నా లెక్కనే. నేను మజ్జిగ తప్ప ముట్ట. అడుగు మీ అత్తను."

అత్తమ్మ గర్వంగా తలూపింది. సారా ముట్టని ఇద్దరు మగవాళ్లం ఒకరినొకరు చూసుకుని కరిగిపోయాం.

"రేప్పొద్దుగాల లారీకి పిల్లను తోలుకపో" అన్నారు మామగారు. లోపల ట్రంకుపెట్టె మూత చప్పుడైంది. తలుపు సందులోంచి సుభద్ర నన్ను చూసింది. ఆ చూపు కోసం నేను కోంట దాకా నడిచి కూడా వచ్చేవాణ్ని.

ఆ ఆనందంలో సీసా తీశాను. "మస్కట్ షర్బతు మామా. మీరు మొదలుపెట్టండి."

"మస్కట్ అంటే ఖర్జూరాలొచ్చే ఊరు కాదా?"

"ద్రాక్షలు కూడ వస్తయట."

మామగారు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కళ్లు మూతపడ్డాయి. అప్పుడు ఆయన కుడిచెయ్యి, ఆయనకు చెప్పకుండానే, కొంచెం పక్కకు వంగింది. రెండు చుక్కలు నేల మీద పడ్డాయి. ఆ తర్వాత గ్లాసు పెదాలకు చేరింది.

సంతల్లో తిరిగినవాళ్లకు అదేమిటో తెలుసు. ఆ అడవుల్లోని దొర్ల తెగవాళ్లు సారా తాగేముందు పోయిన పెద్దలను తలుచుకుని రెండు చుక్కలు నేలకు వదులుతారు. మజ్జిగకు ఆ మర్యాద లేదు.

బుద్ధున్నవాడైతే పైకప్పు చూసేవాడు. నేను నా లోకజ్ఞానం చూపించాను.

"అదేంది మామా, రెండు చుక్కలు కింద పోసిన్రు? అది సారా తాగేటప్పుడు కదా చేసేది?"

అత్తమ్మ చేతిలోని విసనకర్ర ఆగిపోయింది. "సంత నాడు పొద్దు గూకినంక చింతపండు తూకమని ఆగేది ఇందుకేనా?" అని నెమ్మదిగా అడిగింది.

మామగారి ముఖం ఆ చింతపండు రంగుకు తిరిగింది. "నా ఇంటికి సారా తెస్తవా?" అని నా మీద పడ్డారు.

"షర్బతు మామా."

"షర్బతయితే నా చెయ్యి ఎందుకు వంగుతది?"

అన్న తర్వాత ఆయనకే అర్థమైంది తానేమన్నదీ. లోపల సుభద్ర నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్న చప్పుడు అందరికీ వినిపించింది. ఇక ఆ ఇంట్లో తప్పు చేసినవాడు ఎవరో ఒకరు ఉండి తీరాలి. ఇంటి యజమాని కంటే అల్లుడు వీలుగా దొరికాడు.

"మళ్ల ఇప్పపూలు రాలినంకనే పిల్లను పంపుత" అని తీర్పు చెప్పారు. ట్రంకుపెట్టెలోంచి చీరలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి.

సీసాలో మిగిలినదాన్ని అత్తమ్మ జామచెట్టు మొదట్లో పారబోసింది. మామగారు అటే చూస్తూ నిలబడ్డారు. ఖాళీ సీసా చంకలో పెట్టుకుని ఒంటరిగా లారీ ఎక్కుతుంటే సుభద్ర వాకిట్లోకి వచ్చింది. పిడికిలి కొంచెం తెరిచి చూపించింది. లోపల బిరడా ఉంది.

"ఇది నా తాన ఉంటది. సీసా మీరు పగలగొట్టకుండ్రి" అంది.

ఆ చలికాలమంతా రాత్రి తలగడ పక్కన ఆ సీసా పెట్టుకుని పడుకున్నాను. దొర చెప్పింది నిజమే. అది తన వాసన మర్చిపోలేదు. చలి తగ్గింది, ఇప్పచెట్లు పూశాయి, పూలు రాలడం మొదలైంది. సుభద్ర వచ్చింది. వస్తూనే కాళ్లయినా కడుక్కోకుండా, పెట్టెలోంచి బిరడా తీసి సీసాకు బిగించింది. సరిగ్గా పట్టింది.

ఆ సీసా ఇప్పటికీ అలమారలో ఉంది. మామగారు లేరు. సుభద్ర కూడా లేదు. అప్పుడప్పుడు బిరడా తీసి చూస్తాను, ఏ వాసనా రాదు. నాకు ఆమెను చూడాలనుంటుంది.

నేను సారా ఈనాటికీ ముట్టలేదు. సాయంత్రం ఒక్క చాయ్. నేల తుడిచీ తుడిచీ విసిగిపోయిన మా కోడలు మొన్న అడిగేసింది.

"ఏంది మామయ్యా, రోజూ రెండు చుక్కలు కింద పడుతున్నయ్? చెయ్యి వణుకుతున్నదా?"

"లేదమ్మా. వంగుతున్నది" అన్నాను.

అందుచేత ఈ చాయ్ గ్లాసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి చెయ్యి ఎటు వంగినా, ఎందుకు వంగిందని ఈ జన్మలో అడగను.