రంగు కడుక్కోని రాక్షసుడు

పత్రిక చదివే అయ్యలారా, అమ్మలారా, నాది కోడి గీకిన రాత. పల్లెలో నాలుగో తరగతి దాకా చదివినోణ్ణి. తప్పులుంటే మన్నించి చదువుకోండి. దొడ్డబళ్ళాపురం నుంచి చిక్కపేటకు చీరలు తెచ్చే మనిషి పోయిన వారం మా వీధిలోకి వచ్చి చెప్పినాడు: "మీ నాటకం మేష్ట్రు పోయినాడప్పా. నాలుగు దినాలాయ." మగ్గంలోంచి లేచినోణ్ణి ఆ పొద్దు మళ్ళా కూర్చోలేకపోయినాను.

మాది నేతగాళ్ళ వీధి. ఏటా ఎండాకాలంలో, దేవుడు కంబంలోంచి వచ్చి రాక్షసుడి పొట్ట చీల్చే నాటకం ఆడేవాళ్ళం. నేర్పేది మేష్ట్రే, రాక్షసుడూ ఆయనే. పేగులకని చిక్కుపడిన పట్టుదారాన్ని ఎర్రరంగులో ముంచే పని పిల్లోళ్ళకే ఇచ్చేవాడు. తమ చేతుల్తో ముంచిన దారమే పొట్టలోంచి బయటికొస్తే కెవ్వుమనేవాళ్ళు. ఆట అయినాక మేష్ట్రు రంగు కడుక్కునేవాడు కాదు. కోరల్తోనే వాళ్ళ మధ్య కూర్చోని బొరుగులు తినేవాడు. "ముట్టి చూడండ్రా, పొట్ట ఉండాదా లేదా?"

"ఉండాది. శానా ఉండాది," అనింది ఒకసారి ఒక పిల్ల.

"మీ అవ్వ పెట్టిన రాగిముద్దలే," అన్నాడు.

మాకు చెప్పేది ఒకటే మాట. "భయపెట్టినోడు పక్కన కూర్చోవాల. భయపెట్టి లేచిపోకూడదు."

యుద్ధం నడిచే కాలంలో వీధి చివర బయలులో టెంటు సినిమా వచ్చింది. అన్నీ కత్తిపోట్లే. తెల్లదొరల మీద ఒక్క మాటుంటే సర్కారు కత్తెర వేసేది. గుండెలో కత్తి దిగితే ఆ కత్తెరకు కండ్లు కనపడేవి కాదు. మా మనవరాలికి అప్పుడు ఏడేండ్లు. ఇంట్లో గలాటా ఉండదని నేనే పంపినాను, ఒక వారంలో మూడు మార్లు. ఆ వారమే మగ్గంలో దారం నడిపే నాడె మొనతో పక్కింటి పిల్లోడి చెంప చీల్చింది. కంటికి వేలెడు దూరం. "పొడిస్తే పడిపోవాల కదా తాతా, వాడెందుకు ఏడుస్తాడు?" అని నన్నే అడిగింది.

మా నేతగాళ్ళ సంఘం పెద్ద పంచాయితీ పెట్టినాడు. టెంటు వేసిన జాగా ఆయనదే. "ఇది నాటకం చేసిన పని. పొట్టలు చీల్చేది పిల్లోళ్ళకు చూపిస్తే ఇంకేమవుతుంది? ఈ ఏటి నుంచి బందు," అన్నాడు.

"ఆ పాపనే అడగండప్పా, యాడ చూసిందో," అన్నాడు మేష్ట్రు.

"ఆడబిడ్డను పంచాయితీకి ఈడుస్తావా, సిగ్గులేదా?"

మేష్ట్రు నా వైపు చూసినాడు. పాప యాడ చూసిందో నాకు తెలుసు. నేను చాప చూస్తా కూర్చున్నాను.

"పోనీలెండి. బిడ్డ పేరు బజారున పడకూడదు," అని ఆయనే లేచినాడు.

ఆ నెలలోనే వీధి వదిలిపెట్టి దొడ్డబళ్ళాపురంలో కూలికి దారం కండెలు చుట్టుకుంటా బతికినాడు. ఒకసారి అక్కడ ఎదురుపడితే, "పాప బాగుండాదా అప్పా? నిద్రలో ఉలిక్కిపడతా ఉండాదా?" అని అడిగినాడు. పంచాయితీ మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

చావు కబురు విని సంఘం పెద్ద కండ్లు తుడుచుకున్నాడు. గొప్ప కళాకారుడన్నాడు. ఆ తువ్వాలు లాగి పారేయాలనిపించింది నాకు. ఈ వయసులో ఇంత కోపమేమని మా ఇంటామె అంటా ఉండాది. మీ పత్రికలో చదువుకున్నోళ్ళు పిల్లోళ్ళ కోసం సినిమాలు కత్తిరించాల్నా వద్దా అని వాదించుకుంటా ఉండారు. కత్తిరించండి, నేను వద్దనను. పసిబిడ్డ చూడకూడనివి ఉండాయి. కానీ కత్తెర ఎవరి చేతిలో ఉండాదో కూడా చూడండి. మా వీధిలో కత్తెర పట్టినోడు తన జాగాలోని టెంటును ముట్టుకోలేదు. పిల్లోళ్ళ పక్కన కూర్చునే మనిషిని కత్తిరించినాడు. నేను నోరు మూసుకోని ఆ కత్తెరకు సాన పట్టినాను. మా పాప చూసింది టెంటులో. పంపింది నేను. మేష్ట్రు తప్పేమీ లేదు. ఇది ఆ పొద్దు చాప మీద కూర్చోని చెప్పాల్సిన మాట.

నిన్న టెంటుకు పోయినాను. ముందర ఇసకలో అందరూ పిల్లోళ్ళే, ఒక్క పెద్దమనిషి లేడు. పోయి నడుమ కూర్చున్నాను. తెర మీద కత్తి లేచినప్పుడు ఎవరి బిడ్డో నా చెయ్యి పట్టుకునింది. దీపాలు వెలిగినాయి, అందరూ లేచినారు. ఆ బిడ్డ చెయ్యి వదల్లేదు.

మీ ఊళ్ళలో పిల్లోళ్ళ పక్కన ఎవరు కూర్చుంటా ఉండారు? బదులు తొందరగా రాయండి.