తలుపు మూసే ఉందన్న యంత్రం

మా పాత ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. నాలుగోది కూడా అదే బీరువాలోకి పోతుందని తెలుసు కనుక, ఈసారి అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

గరివిడి వెళ్ళే దారిలో ఒక సంస్థ పాత రికార్డులు దాచే గదిలో ఆరేళ్ళు పనిచేశాను. గది మధ్యలో, కంప్యూటర్ రికార్డులు దాచిన టేపుల యంత్రం. బయటికి పెద్ద ఇనప బీరువాలా ఉంటుంది. లోపల గోడల నిండా గూళ్ళు, గూటికొక టేపు, మధ్యలో పట్టాల మీద పరుగెత్తే ఒక మరచెయ్యి. కంప్యూటర్ ఫలానా టేపు కావాలని అడిగితే, మరచెయ్యి వెళ్ళి దాని మీది బార్‌కోడ్ చూసి, లాగి, చదివే పెట్టెలో దూరుస్తుంది. మోటారు ఎంత తిరిగిందో లెక్కపెట్టుకుంటూ పోతుంది. లెక్క తప్పకుండా, లోపల అతికించిన తెల్ల గుర్తులతో సరిచూసుకుంటుంది.

తలుపు దగ్గర చిన్న స్విచ్ ఉంటుంది. తలుపు తీస్తే మోటార్లకు కరెంటు ఆగిపోతుంది. దాన్ని నమ్మే మేం లోపల చేతులు పెట్టేవాళ్ళం.

ఆయుధపూజ నాడు, తలుపు తీసి, మరచెయ్యి కదులుతుండగా హారతి ఇవ్వాలని మా అధికారికి సరదా పుట్టింది. తలుపు తీస్తే కదలదని చెప్పాను. మా సీనియర్ మెకానిక్ నవ్వాడు.

"కదల్దేటి? సిన్న తీగముక్క సాలు. రాజాంలో మీ నాన్న కొట్లో కూకుని పప్పులు తూసుకోక, మిషన్ల కాడికెందుకొచ్చావు బావా?"

అందరూ నవ్వారు. నేను మరిచిపోలేదు.

స్విచ్ మూత విప్పి రెండు కొనలనీ తీగతో కలిపాడు. ఇక తలుపు తీసినా, మూసే ఉందని యంత్రం అనుకుంటుంది. హారతి ఇచ్చారు, ఫోటోలు దిగారు.

సెలవు తర్వాత యంత్రం గూళ్ళు గుర్తుపట్టలేక తడబడింది. పూజలో ఎవరో తెల్ల గుర్తు మీదే బొట్టు పెట్టారు. తుడవమని నాకు చెప్పారు.

"తీగ తీసేశావా బావా?" అని మెకానిక్‌ని అడిగాను.

"ఎప్పుడో తీసీసినాను. బొట్టు తుడవడానికి కూడా బయమేటి నీకు?"

తడిగుడ్డ పట్టుకుని మోచేతి దాకా లోపల పెట్టాను. నా చొక్కా మీద ఎర్రటి వెలుగు కదిలింది. మరచెయ్యికి ఉన్న, బార్‌కోడ్ చదివే దీపం అది. తలుపు తీసి ఉంటే అది కదలకూడదు. మరచెయ్యి వచ్చి నా మణికట్టును గూటి అంచుకు నొక్కింది. ఆగింది. అడ్డు తగిలితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, అది చూసి లోపలి కంట్రోల్ బోర్డు ఆపేస్తుంది. బతికాననుకున్నాను.

అయితే ఒకసారి ఆగితే, కాస్త వెనక్కి జరిగి మళ్ళీ ప్రయత్నించమని దానికి నేర్పారు. వెనక్కి జరిగింది. చెయ్యి లాక్కోవాలని నాకు తెలుసు. భయంతో వేలు కూడా కదల్లేదు. మళ్ళీ వచ్చింది. ఎముక విరిగిన చప్పుడు నేనే విన్నాను.

విచారణలో యంత్రం రాసుకున్న చిట్టా తీశారు. తలుపు మూసి ఉంది, అడ్డు తగిలింది, మళ్ళీ ప్రయత్నించాను అని ఉంది.

"మూసే ఉందని మిషనే సెప్తన్నాది. అదేటి అబద్దమాడతాదా?" అన్నాడు మెకానిక్.

స్విచ్ మూత విప్పి చూడమన్నాను. ఎవరూ విప్పలేదు. తప్పు నాదేనని రాసి నన్ను పంపించేశారు.

పోయిన వారం నా స్థానంలో చేరిన నౌపడ అమ్మాయి ఫోన్ చేసింది.

"అన్నా, తలుపు తీసినా తెర మీద మూసే ఉందని వస్తాది. అడిగితే నవ్వుతన్నారు. అలాగే ఉంటాదేటి?"

చెయ్యి పెట్టొద్దమ్మా అన్నాను. ఎన్నాళ్ళు పెట్టకుండా ఉంటుంది? అది ఆమె ఉద్యోగం. అప్పటినుంచీ ఫోన్ మోగితే నా మణికట్టు లాగేస్తోంది.

తలుపు మూసే ఉంటే నా చెయ్యి లోపలికి ఎలా వెళ్ళింది? ఆ తీగ ఇంకా ఉందా, లేదా? మూత విప్పి చూసి, ఆ అమ్మాయి చెయ్యి లోపల పెట్టకముందే ఎవరో ఒకరు జవాబు చెప్పండి.