మాట బందైన నెలలో ఆటలు

నా గొంతు పెద్దది. సిగ్గుపడుతూ ఒప్పుకునే మాట కాదిది, గొప్పగానే చెప్పుకుంటున్నాను. తిరుమలగిరి దగ్గరి ఊళ్లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్తాను. నేను ఎనిమిదో తరగతిలో పాఠం మొదలుపెడితే పక్క గదిలోని ఏడో తరగతి కూడా నేర్చుకుంటుంది. వాళ్ల సారు ఏం చెప్తున్నాడో మాత్రం వాళ్లకు వినపడదు. ఆయన చాలాసార్లు గుమ్మం దగ్గరికి వచ్చి, "మేడం, జర మెల్లగ" అని దండం పెట్టాడు. నేను తగ్గలేదు. వెనక బెంచీ దాకా చేరని పాఠం నా దృష్టిలో పాఠమే కాదు.

అలాంటి గొంతు ఒక ఎండాకాలం సెలవుల ముందు బొంగురుపోయింది. పసుపు పాలు, మిరియాల కషాయం, ఉప్పునీళ్లు, అన్నీ అయ్యాయి. చివరికి నల్లగొండకు పోతే గొంతు డాక్టరమ్మ లోపలికి గొట్టం పెట్టి చూసి, అరిచి అరిచి లోపల కాయలు కాశాయంది. చిన్న ఆపరేషన్ చేసింది. ఆ తర్వాత చెప్పింది అసలు సంగతి. నెల రోజులు నోట్లోంచి శబ్దం రావద్దు. గుసగుస కూడా వద్దు. నవ్వొచ్చినా ఆపుకోవాలి. మాట వింటే గొంతు తిరిగొస్తుంది, వినకపోతే జన్మంతా ఈ బొంగురే. ఈ బొంగురుతో బడికి పోయి నేనేం చెయ్యాలి, బోర్డు మీద రాసి మూలకు కూర్చోవాలా? నాకు నిజంగా భయమేసింది. నేను భయపడటం అంతకుముందు మా ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఇంట్లో ఉండేది ముగ్గురం. మా ఆయన కరెంటు ఆఫీసు ఉద్యోగి, పొద్దున పోతే సాయంత్రానికి తేలతాడు. మిగిలేది నేనూ మా అత్తమ్మా. అత్తమ్మ పుట్టిందీ పెరిగిందీ గొర్రెల మధ్యనే. మామ పోయాక మంద అమ్మేసినా, కొన్నింటిని మాత్రం ఇంటి వెనక కొట్టంలో ఉంచుకుంది. పొద్దున్నే మేతకు తోలుకుపోయి ఎండ ముదరకముందే తెస్తుంది. ఇక మధ్యాహ్నమంతా మాటలే. నాకూ మాటలే కావాలి. అందుకే మా ఇద్దరికీ బాగా పడుతుంది, అందుకే పొద్దస్తమానం కొట్లాడుకుంటాం. ఏ రోజైనా కొట్లాట లేకపోతే మా ఆయన, "ఏమైంది, ఇద్దరికీ పానం బాగలేదా?" అని అడుగుతాడు.

నన్ను చూడటానికి వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు. అడిగేది నన్ను, జవాబిచ్చేది అత్తమ్మ.

"నొస్తాందా బిడ్డా?" అని ఒకామె అడిగింది.

నొప్పి లేదని నేను చేతులు అడ్డంగా ఊపాను.

"సూడు, ఎట్ల చేతులు కొట్టుకుంటాందో! కత్తెర వెట్టి కోసిరి, నొయ్యకుండ ఉంటదా?" అంది అత్తమ్మ.

రాసి చూపిద్దామంటే ఆమెకు చదువు రాదు. అట్లా ఆ నెల ప్రతి వాదంలోనూ ఆమే గెలిచింది. నాకు ఒళ్లు మండిపోయేది. పిచ్చి లేస్తున్నదని హైదరాబాదులో ఉన్న మా చెల్లెకు మెసేజ్ పెట్టాను. అది ఆదివారం వచ్చి నా లాప్‌టాప్‌లో ఏవో ఆటలు ఎక్కించింది.

"అక్కా, ఇవి కాల్చుకునుడు, సంపుకునుడు ఆటలు గావు. ఒక్కరో ఇద్దరో కూసొని చేసిన చిన్న చిన్న ఆటలు. చాయ్ పొయ్యి, ఇల్లు సర్దు, చేను చేసుకో. ఓడిపోవుడే ఉండది."

ఓడిపోవడం లేనిది ఆటెట్లా అవుతుంది? లెక్కల టీచరునై ఉండి బొమ్మలతో ఆడుకోవాలా? అనుకుంటూనే తెరిచాను. మర్నాటికి అన్నం కంచం లాప్‌టాప్ పక్కకు వచ్చింది.

చాయ్ హోటల్ ఆటలో నేను కొండ ఊళ్లో హోటల్ నడపాలి. వచ్చినవాళ్లు తమ కష్టం చెప్పుకుంటారు, మనం చాయ్ ఇచ్చి, కింద కనిపించే జవాబుల్లోంచి ఒకటి నొక్కాలి. జవాబు చెప్పే భాగ్యం నాకు ఆ నెలలో దొరికింది అక్కడే. కానీ అన్నీ తియ్యటి జవాబులే, ఒక్కదాంట్లోనూ తిట్టు లేదు. ఉద్యోగం వదిలేసి రోజూ వచ్చి ఏడ్చే పిలగాడు ఒకడున్నాడు. లేచి మొఖం కడుక్కొని నాలుగు చోట్ల అడుగు నాయనా అని చెప్పాలని నా ప్రాణం కొట్టుకునేది. ఇల్లు సర్దే ఆటలో చీపురును దేవుడి పటం పక్కన పెట్టానని అత్తమ్మ ఒక పూటంతా అలిగింది.

అసలు కథ చేను ఆటతో మొదలైంది. అత్తమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"గిదేంది, ఎవుసమా? కాళ్లకు మట్టంటకుండ?"

అందులో రాసిందంతా ఇంగ్లీషు. నేను చదివి చెప్పలేను కనుక ఎవరెవరు ఏం మాట్లాడుతున్నారో బొమ్మలు చూసి ఆమే కల్పించి చెప్పేది. మొదటి పంటగా ముల్లంగి వచ్చింది. దాన్ని అమ్మి విత్తనాలు కొనాలి. అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"కొత్త పంట బిడ్డా! నాలుగిండ్లకు ఇయ్యకుండ అమ్ముకుంటరా ఎవలన్న? గా ఎర్రటోపీ ముసల్దానికి ఇయ్యి ముందుగాల. పాపం, ఒక్కతే ఉంటది."

వద్దని తల అడ్డంగా ఊపాను. ఆమె చెయ్యి వదల్లేదు. ముసలామెకిచ్చాం, వడ్రంగికిచ్చాం, చివరికి దారిన పోయే పోస్టుమ్యానుకు కూడా ఇచ్చాం. విత్తనాలకు ఏమీ మిగల్లేదు. ఊరంతా మా మీద ప్రేమతో ఎర్రటి గుండె గుర్తులు చూపిస్తున్నది, మా చేనేమో బీడు. తర్వాత చాలా రోజులు ఆటలోని చెరువులో చేపలు పట్టుకుని బతికాం. అత్తమ్మకు మాత్రం రవ్వంత ఫికర్ లేదు. "రేపు ఆపతొస్తే గా ముసల్దే వస్తది సూడు" అంది.

చేపలమ్మి ఒక గొర్రెను కొన్నాను. ఒక్కదాన్నే కొన్నందుకు తిట్లు తిన్నాను. ఆటలో పొద్దుగూకింది. గొర్రె చేను అంచున నిలబడి ఉంది, నెత్తి మీద దిగులు చూపే నల్లమబ్బు గుర్తు. గంట కొడితే కొట్టంలోకి వస్తుంది, ఆ గంట ఎక్కడుందో నాకు దొరకడం లేదు. అత్తమ్మకు ఓపిక పోయింది. తెర మీదికి వంగి, నాలుక ఆడిస్తూ, "టుర్ర్ర్ర్... బా బా బా!" అని గుండెల నిండా గాలి తీసుకుని పిలిచింది.

లాప్‌టాప్‌లోని గొర్రె కదల్లేదు. వెనక కొట్టంలో నిద్రపోతున్న గొర్రెలన్నీ లేచాయి. తడిక నెట్టుకుని, వంటింట్లోంచి, ఒకదాని వెనక ఒకటి మా గదిలోకి వచ్చేశాయి. పొట్టేలు నేరుగా మంచం పక్కన నిలబడి, పిలిచిన పనేమిటన్నట్టు మా మొహాలు చూసింది. ఒక గొర్రె చార్జర్ తీగ నమలడం మొదలుపెట్టింది.

"ఓయవ్వో! మిమ్ముల గాదే, గా డబ్బాల ఉన్నదాన్ని!" అని అత్తమ్మ నెత్తి కొట్టుకుంది.

నేను నవ్వాను. ఆపుకోలేదు, ఆపుకోవాలని కూడా గుర్తు రాలేదు. పాత గొంతుతో, ఇల్లు అదిరేటట్టు నవ్వు మొదలై, గుడ్డ చింపినట్టు ఒక చప్పుడై ఆగిపోయింది. చెయ్యి గొంతు మీదికి పోయింది. లోపల భగ్గుమన్నది.

అత్తమ్మ గొర్రెలను తోలేసి వచ్చి నా పక్కన కూర్చుంది.

"నొస్తాందా?"

ఈసారి నిజంగానే నొస్తున్నది. తల ఊపాను. ఆమె మొహం నల్లబడిపోయింది.

"నా వల్లనే పాయెనా బిడ్డా, నీ గొంతు?"

కాదు కాదని చేతులు ఊపాను. అప్పుడైనా అర్థం చేసుకుంటే బాగుండు. చేసుకోలేదు.

ఆ రోజు నుంచి అత్తమ్మ నోరు మూసుకుంది. నాకు నవ్వు రాకూడదు, జవాబివ్వాలన్న కోపం రాకూడదు, అంతే ఆమె లెక్క. ఎవరైనా చూడటానికి వస్తే వాకిట్లోనే చెయ్యి అడ్డం పెట్టి పంపేసేది. అన్నం కూడా సైగలతోనే వడ్డించేది. పొద్దంతా వాగే మనిషి నా ముందు అట్లా బిగుసుకుని కూర్చుంటే నాకు ఏడుపొచ్చేది. ఏడిస్తే గొంతు పట్టేస్తుందని అదీ మింగేదాన్ని. సాయంత్రం వచ్చిన మా ఆయన గడప మీద నిలబడి, "ఇంట్ల ఎవలన్న ఉన్నరా?" అని కేకేసేవాడు.

ఇద్దరం ఆడుతూనే ఉన్నాం. ఆమె తెర మీద వేలు పెట్టి చూపేది, నేను చేసేదాన్ని. ఎవరికి ఇమ్మంటే వాళ్లకు ఇచ్చాను, ఒక్కసారి కూడా తల అడ్డంగా ఊపలేదు. ఇంకో గొర్రె, ఇంకో గొర్రె కొన్నాం. తెర నిండా ఆమె వేలిముద్రలే, నేను తుడవలేదు. లోపల చేను పచ్చగా ఉంది, బయట నా గొంతు సంగతేమిటో ఇద్దరికీ తెలియదు.

నెల నిండాక మా ఆయనతో నల్లగొండకు పోయాను. డాక్టరమ్మ చూసి, "మానింది, మాట్లాడండి" అంది. నోరు తెరిచాను. బొంగురు లేదు. కానీ వచ్చింది నా గొంతు కాదు, ఎవరో సన్నటి పిల్ల గొంతు. పోను పోను బలపడుతుంది గానీ పాతదంత కాదంది. సరే, వెనక బెంచీని ముందుకు జరుపుతాను, అందులో పెద్ద కష్టమేముంది అనుకున్నాను. దవాఖాన మెట్ల మీదే నిలబడి ఇంటికి ఫోన్ చేశాను.

"ఎవలు?" అంది అత్తమ్మ.

"నేనే అత్తమ్మా."

"ఎవలమ్మా? మా కోడలు ఇంట్ల లేదు, దవాఖానకు వోయింది."

"నేనే నీ కోడల్ని."

"మా కోడలి గొంతు నాకెరుక లేదా? పెట్టెయ్యి తల్లీ, నా పానం మంచిగలేదు."

మా ఆయన ఫోన్ అందుకోబోయాడు. అతని చెయ్యి తోసేశాను.

"అత్తమ్మా! ఫోన్ బుగ్గకు గాదు, చెవుకు వెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పిన? అన్నం తిన్నవా? తినలే. బీపీ గోలి ఏసుకున్నవా? అదీ ఏసుకోలే! నేను ఒక్కపూట ఇంట్ల లేకపోతే గిట్లనేనా నీ కథ? చెప్తె ఇనే మనిషివేనా నువ్వు?"

అవతల ఫోన్ దేని మీదో పెట్టిన శబ్దం, వాకిలి వైపు గబగబా అడుగులు. ఆ తర్వాత వీధి వీధంతా వినపడేలా అత్తమ్మ గొంతు.

"ఓ అక్కా! ఓ వదినె! ఇటు రాండ్రి! మా కోడలికి గొంతచ్చింది! నన్ను తిడ్తాంది!"